అర్పా ఒడ్డున ఒక నడక

బొగ్గు సరఫరా సమన్వయ సమావేశాల నిమిత్తం గత ఫిబ్రవరి మాసంలో మేము బిలాస్‌పూర్ వెళ్ళవలసి వచ్చింది. బొగ్గుతో పని ఉన్న సంస్థల ఇంజనీర్లకు ఆ ఊరు కొత్తది కాదు. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ వారి ప్రధాన కార్యాలయం అక్కడి సీపత్ రోడ్డులోనే ఉన్నది. మన సంస్థ నుంచి అక్కడికి వెళ్ళివచ్చినవారు అనేకులు ఉన్నారు గాని, రైల్వే స్టేషను, అతిథిగృహం, సమావేశ మందిరం దాటి ఆ ఊరిలో మరేదైనా చూసినవారు అరుదు. అంతకు ముందు మూడు పర్యాయాలు వెళ్ళిన మేమూ ఆ కోవలోని వారమే. ఈ పర్యాయం అతిథిగృహంలో గదులు ఖాళీ లేనందున, మేమూ మా విభాగంలోని మరొక మిత్రుడూ తోర్వాలోని మా మేనమామగారి ఇంట తొమ్మిది దినములు బస చేశాము. ఈ వ్యాసానికి అదే మూలం.

బయలుదేరే ముందు విశాఖపట్నంలో ఉన్న ఆయన కుమారుడు మాకు ఒక పని అప్పగించాడు. "బావా, నాన్నగారికి డెబ్భై తొమ్మిదేళ్ళు. అమ్మ పోయి మూడేళ్ళయింది. ఒంటరిగా అక్కడెందుకు? నువ్వు చెబితే వింటారు. ఎలాగైనా ఒప్పించి నీతో తీసుకురా" అన్నాడు. సరేనన్నాము. సమావేశాలకంటే ఈ పనే తేలికని ఆనాడు మేము భావించాము.

మామగారు రైల్వేలో బ్రిడ్జి ఇన్‌స్పెక్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. వారి తండ్రిగారు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో విజయనగరం ప్రాంతం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డారు. ఇటువంటి కుటుంబాలు తోర్వాలో, దానిని ఆనుకొని ఉన్న రైల్వే కాలనీలలో అనేకం. 1887లో ఏర్పడిన బి.ఎన్.ఆర్. కంపెనీ నాగపూర్ – ఛత్తీస్‌గఢ్ మీటరుగేజి మార్గాన్ని తీసుకొని బ్రాడ్‌గేజిగా మార్చి, 1891 నాటికి బిలాస్‌పూర్ మీదుగా తూర్పుకు పొడిగించింది. 1931లో విజయనగరం – రాయపూర్ మార్గం పూర్తి కావడంతో ఉత్తరాంధ్రకూ ఈ ప్రాంతానికీ నేరుగా రాకపోకలు ఏర్పడినవి. తర్వాత కంపెనీ పోయింది, ఆగ్నేయ రైల్వే వచ్చింది, 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడింది. మనవారు మాత్రం అక్కడే ఉండిపోయారు. కోర్బా – విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి మన జిల్లాలలో ఉంటామన్న ధైర్యమే వారిని అంతకాలం అక్కడ ఉంచిందేమోనని మాకు తోచింది.

మొదటి రోజు రాత్రి భోజనాల వేళ విషయం కదిపాము. మామగారు మజ్జిగ పోసుకుంటూ, "ఏటిరా, వచ్చీ రాగానే ఆ గొడవేనా? పొద్దున్న నాతో నడకకి రా. తర్వాత మాట్లాడదాం" అన్నారు. అంతటితో ఆ రాత్రి ప్రసంగం ముగిసింది.

ఉదయం ఐదున్నరకు బయలుదేరాము. మాఘమాసపు చలి. తోర్వా వీధులు ఆ వేళకే మేలుకొని ఉన్నవి. ఒక ముంగిట తెలుగువారి ముగ్గు, ఆ పక్క ఇంటిలో బెంగాలీ మాటలు, ఎదుట కొట్టు ముందు ఛత్తీస్‌గఢీలో బేరం, మూల మీద రాత్రి డ్యూటీ దిగి వస్తున్న వారి సైకిళ్ళు. రైల్వే ఊరిలో సూర్యోదయంతో ఉదయం ప్రారంభం కాదు, షిఫ్టు మారడంతో ప్రారంభమవుతుంది. రెండు వీధులు దాటి గట్టు ఎక్కగానే గాలి మారింది. ఎదుట అర్పా నది.

నది అన్నామే గాని, ఆ తొలి చూపులో మాకు కనిపించింది ఇసుక. ఒక ఒడ్డు నుంచి మరొక ఒడ్డు దాకా పరుచుకున్న ఇసుక, దాని మధ్య ఎక్కడో పొలం కాలువంత నీటి పాయ, అక్కడక్కడ గడ్డి దుబ్బులు. మా మిత్రుడు "ఇదేనా అర్పా?" అని పైకే అనేశాడు. మామగారు చిన్నబుచ్చుకోలేదు. "వర్షాకాలంలో వచ్చి ఈ మాట అనండి చూద్దాం" అన్నారు.

అర్పా పెండ్రా ప్రాంతంలో పుడుతుంది. నర్మద పుట్టిన అమర్‌కంటక్ అక్కడికి దూరమేమీ కాదు. ఒకే సీమలో పుట్టి నర్మద పడమటి సముద్రానికి పోగా, అర్పా సుమారు నూట యాభై కిలోమీటర్లు ప్రవహించి శివనాథ్‌లో కలుస్తుంది, శివనాథ్ మహానదిలో కలుస్తుంది, ఆ నీరు హీరాకుడ్ మీదుగా బంగాళాఖాతాన్ని చేరుతుంది. అంటే మామగారి ఇంటి వెనుక పారే నీరు చివరకు మన సముద్రానికే వస్తున్నది. ఈ సంగతి ఆయనే మాకు గుర్తు చేశారు. ఊరి పేరు కూడా నది ఇచ్చినదే. బిలాసా అనే కేవట్ స్త్రీ పేరు మీద బిలాస్‌పూర్ వెలసినదని అక్కడి ఐతిహ్యం. కేవట్లంటే పడవ నడుపుకొని, చేపలు పట్టుకొని జీవించేవారు. చకర్‌భాఠా విమానాశ్రయానికి కూడా ఇప్పుడు ఆమె పేరే పెట్టారు. ఆమె వల వేసిన నదిలో మాత్రం ఈనాడు వల వేయదగిన నీరు సంవత్సరంలో కొద్ది మాసాలే.

ఇక నడక సంగతి. తోర్వా ఛఠ్ ఘాట్ వద్ద మొదలుపెట్టి, ప్రవాహానికి ఎదురుగా దయాల్‌బంద్, జూనా బిలాస్‌పూర్ మీదుగా శనిచరీ రపటా దాకా వెళ్ళి, తిరిగి అదే దారిన రావడం మామగారి నిత్యకృత్యం. ఎత్తుపల్లాలు లేని దారి. మోకాళ్ళ నొప్పులున్నవారు కూడా నడవవచ్చు. కొంత మేర గట్టు మీద, కొంత మేర ఇళ్ళ వెనుక సందులలో, నీరు లేని చోట ఇసుకలోనే నడవాలి. ఎవరో ఉద్యానవనంగా తీర్చిదిద్దిన బాట కాదు. మేకలు వస్తాయి, బట్టలు ఉతికేవారు ఉంటారు, ఒకచోట ముక్కు మూసుకొనవలసి వస్తుంది. అయినా రెండవ రోజుకే ఆ నడక మాకు అలవాటై, మూడవ రోజున మామగారికంటే ముందే లేచి చెప్పులు వేసుకున్నాము.

ఛఠ్ ఘాట్ మెట్లు చాలా విశాలమైనవి. కార్తిక శుక్ల షష్ఠి నాడు బీహారు, ఉత్తరప్రదేశ్ ప్రాంతాల కుటుంబాలు వేలాదిగా అక్కడ చేరి అస్తమిస్తున్న సూర్యునికి, మరునాటి ఉదయం ఉదయిస్తున్న సూర్యునికి అర్ఘ్యమిస్తారు. అదే కార్తికంలో మా అత్తయ్యగారు అరటి దొప్పలలో దీపాలు పెట్టి అక్కడే నీటిలో విడిచేవారట. మామగారు ఆ మెట్ల దగ్గర ఒక నిమిషం ఆగుతారు. ఆ నిమిషంలో మేము ఏమీ మాట్లాడేవారము కాము.

అక్కడి నుంచి దిగువకు చూస్తే హౌరా మార్గపు రైళ్ళు నదిని దాటే శబ్దం వినబడుతుంది. బొగ్గు బండ్లు ఒకదాని వెనుక ఒకటి పోతూనే ఉంటవి. మా మిత్రుడు వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సమావేశంలో వాదించుకున్న రేకులు కళ్ళ ముందు పోతుంటే లెక్కపెట్టకుండా ఉండడం కష్టమే. మామగారు మాత్రం వంతెన స్తంభాల వైపే చూసేవారు. ఉద్యోగం పోయినా కన్ను పోలేదు.

ఎగువకు వెళ్ళే కొద్దీ పిట్టలు ఎక్కువ. నీటి పాయ వెంట కొంగలు, తీగ మీద లకుముకి పిట్ట, ఇసుక దిబ్బలలో అడుగు పడగానే అరుస్తూ లేచే తీతువులు. ఆవలి ఒడ్డున ఒక మోదుగ చెట్టు అప్పుడప్పుడే పూతకు వచ్చి ఉన్నది. శనిచరీ రపటా దగ్గర, అంటే వరద వచ్చినప్పుడు నీరు పైనుంచి పారడానికి వీలుగా కట్టిన ఆ తక్కువ ఎత్తు వంతెన దగ్గర, సంత జనం, కూరల బండ్లు కనిపిస్తాయి. తిరుగు ప్రయాణంలో పోహా, జిలేబీ తినడం మా మిత్రుడు కనిపెట్టిన ఏర్పాటు. మామగారు ఇంటికి వచ్చి రాత్రి నీళ్ళు పోసి ఉంచిన అన్నమే తినేవారు. దానిని అక్కడివారు బోరే బాసీ అంటారు. మన చద్దన్నానికి అంత దూరంలో అంత చక్కని పేరు ఉన్నదని మాకు అంతకు ముందు తెలియదు.

ముక్కు మూసుకొనవలసిన చోటు గురించి కూడా చెప్పాలి. ఊరి మధ్య నుంచి వచ్చే జవాలీ నాలా మురుగును అర్పాకు చేరుస్తుంది. హిందీలో నాలా అనే మాటకు అసలు అర్థం వాగు, ఏరు. ఉత్తరాంధ్రులము మనము గెడ్డ అంటాము. ఆ ప్రాంతపు అడవులలో ఈనాటికీ స్వచ్ఛమైన సెలయేళ్ళను నాలాలనే పిలుస్తారు. పట్టణంలో మాత్రం ఆ మాటకు మురుగు కాలువ అనే అర్థమే మిగిలింది. మామగారు దీనిపై ఒక మాట అన్నారు: "మాట చెడిపోయిందంటే ముందు నీళ్ళు చెడిపోయాయని లెక్క." విశాఖపట్నంలో కూడా గెడ్డ అన్న మాటకు అదే గతి పడుతున్నదని, మేఘాద్రి గెడ్డ జలాశయం మినహా ఆ మాట విన్నప్పుడు మన పిల్లల ముఖాలు చిట్లుతున్నవని మేము ఒప్పుకొనవలసి వచ్చింది.

నాలుగవ రోజున మామగారు అసలు సంగతి చూపించారు. ఘాట్‌కు కొంత ఎగువగా, ఇసుకలో ఒకచోట కూర్చొని, చేతులతో గుంట తవ్వడం ప్రారంభించారు. చెలమ! మాకు ఒక్కసారిగా చిన్ననాటి చంపావతి నది గుర్తుకు వచ్చింది. వేసవిలో ఇసుక తోడి, ఊరిన నీటిని కొబ్బరి చిప్పతో బిందెలోకి ఎత్తే మా అమ్మమ్మగారు గుర్తుకు వచ్చారు. దానిని అక్కడివారు ఝిరియా అంటారట. మామగారికి చిన్నతనంలో వాళ్ళమ్మగారు నేర్పిన విద్య. ఆయన ప్రతి సంవత్సరం సంక్రాంతి తర్వాత అదే చోట చెలమ తీసి, నీరు ఎంత లోతున తగిలిందో, ఎంతసేపటికి ఊరిందో ఒక పుస్తకంలో రాసుకుంటున్నారు. దానితో పాటు, ఒడ్డున ఉన్న ఒక రాతి మీద ఎర్ర రంగుతో గీసుకున్న గీత నుంచి ఇసుక మట్టం ఎంత దిగువన ఉన్నదో టేపుతో కొలిచి రాస్తున్నారు. రిటైరైన నాటి నుంచి ఒక్క సంవత్సరం కూడా తప్పలేదు. అత్తయ్యగారు పోయిన సంవత్సరం కూడా ఆ పుటలో అంకెలు ఉన్నవి, చేతిరాత మాత్రం వణికింది.

ఆ పుస్తకాన్ని ఆ రాత్రి మేమిద్దరం శ్రద్ధగా చూశాము. తొలి పుటలలో మోచేతి లోతుకే నీరు తగిలింది. ఇప్పుడు భుజం దాకా చేయి దింపినా తడి ఇసుకే వస్తున్నది. గీతకూ ఇసుకకూ మధ్య దూరం ఏటేటా పెరుగుతూనే ఉన్నది. ఒక్కచోటి కొలతను బట్టి నది మొత్తం మీద తీర్పు చెప్పకూడదని, పాయ దిశ మారినా అక్కడి మట్టం మారవచ్చునని మేము అన్నాము. "నాకు తెలీదేటి? అందుకే ఇన్నాళ్ళు రాశాను" అన్నారాయన.

ఎండిన నది ఖాళీ నది కాదన్న విషయం ఇంజనీర్లమైన మనమే తరచు మరచిపోతాము. ముతక ఇసుకలో రేణువుల మధ్య ఖాళీ మూడవ వంతు దాకా ఉంటుంది. ఆ ఖాళీలో చేరిన నీరంతా బయటకు రాదు గాని, ఘనమీటరు ఇసుక నుంచి రెండు వందల లీటర్లకు పైగా నీటిని రాబట్టవచ్చు. రెండడుగుల దిగువన ఉన్న నీటిని ఎండ దాదాపు తాకలేదు. అంటే ఇసుక పరుపు అనేది పైకప్పు ఉన్న జలాశయం. వానాకాలంలో నిండి, ఒడ్డు బావులకు నెలల తరబడి నీరు అందిస్తుంది. ఒక ట్రాక్టరు వంద ఘనపుటడుగుల ఇసుక, అంటే సుమారు 2.8 ఘనమీటర్లు తీసుకుపోయిందనుకుందాము. పోయింది ఇసుక మాత్రమే కాదు, ప్రతి సంవత్సరం సుమారు ఆరు వందల లీటర్ల నీరు నిలిచే చోటు కూడా పోయింది. మా నడకలో ఉదయం ఆరు గంటలకే ఎదురైన ట్రాక్టర్లను ఆ తర్వాత మేము వేరే దృష్టితో చూడసాగాము. బొగ్గు టన్నులను లెక్కించడం వృత్తిగా గల మాకు ఇసుక విలువ నీటిలో కట్టడం కొత్త పాఠమే. ఇసుక లేకుండా మన ఇళ్ళు గాని, మన కర్మాగారాలు గాని లేవుకదా అని మా మిత్రుడు అడిగాడు. నిజమే. వరద ఏటా తెచ్చిపోసేంత వరకు తీసుకుంటే నదికి నష్టం లేదు. తెచ్చినదానికంటే తీసినది ఎక్కువైనప్పుడే గొడవ. ఆ లెక్క ఎవరో ఒకరు వేయాలి.

వంతెనల విషయంలో మామగారి ఆందోళన మరింత తీవ్రమైనది. వరద పోటులో స్తంభం చుట్టూ ఇసుక కోసుకుపోయి గుంట పడుతుంది. గరిష్ఠ వరద మట్టం నుంచి ఆ కోత ఎంత లోతు వరకు పోవచ్చునో లేసీ సూత్రంతో లెక్కగట్టి, స్తంభాల దగ్గర దానికి రెట్టింపు తీసుకొని, అంతకంటే కిందికి పట్టు ఉండేలా పునాదులు దింపుతాము. మనుషులు వచ్చి నది అడుగునే తవ్వి దించుతారన్నది ఆ లెక్కలో లేదు. "లేసీ దొరకి ట్రాక్టర్లు తెలీవురా" అని ఆయన నవ్వారు గాని, ఆ నవ్వులో సంతోషం లేదు.

మనుషుల ప్రాణాలు కూడా పోయినవి. 2023 జూలైలో కోనీ సమీపంలోని సేంద్రీ వద్ద, ఇసుక తవ్విన గుంటలలో నీరు నిండి ఉండగా ముగ్గురు బాలికలు మునిగిపోయారు. పైకి నిలకడగా, లోతు లేనట్లు కనిపించే నీరు అది. బిలాస్‌పూర్‌లోనే ఉన్న ఛత్తీస్‌గఢ్ ఉన్నత న్యాయస్థానం ఆ విషయాన్ని తనంత తానుగా విచారణకు స్వీకరించింది. మామగారు ఆ సంఘటన తర్వాత ఇసుకలో ఆడుకొనే పిల్లలు కనిపిస్తే ఆగి, వారికి గుంటలు ఎక్కడ ఉన్నవో చూపించి గాని కదలరు. తెలుగు పిల్లలకు తెలుగులో, తక్కినవారికి ఛత్తీస్‌గఢీలో. రెండు భాషలలోనూ ఆయన కోపం ఒకటే.

నగరంలో నదికి మళ్ళీ నీరు నిలపాలని ప్రయత్నాలు లేకపోలేదు. ఇందిరా సేతువు ప్రాంతంలో నది వెంట రోడ్లు వేశారు. పచరీ ఘాట్, శివ ఘాట్‌ల వద్ద బ్యారేజీల నిర్మాణం చేపట్టారు. నిలిచిన నీటిని చూడడం కంటికి ఇంపుగానే ఉంటుంది. కాని మురుగును ముందు శుద్ధి చేయకుండా నీటిని ఆపితే, ఆగేది ఏమిటో ఆలోచించుకోవాలని మా అభిప్రాయం. ప్రతి బ్యారేజీ వెనుక నీటితో పాటు ఇసుక కూడా ఆగుతుందనీ, ఆ ఇసుక దిగువ తోర్వాకు అందదనీ కూడా మరువరాదు. ఈ మాటలు మేము ఆ ఊరి అతిథులుగా అంటున్నవే గాని, అక్కడి ఇంజనీర్లకు తెలియనివని కాదు.

ఎనిమిదవ రోజు ఉదయం రపటా దగ్గర కూర్చొని ఉండగా, ఇక ఆలస్యం చేయకూడదని, మా బావమరిది మాటగా మామగారిని మళ్ళీ అడిగాము. ఆయన చాలాసేపు ఇసుక వైపే చూస్తూ కూర్చున్నారు. తర్వాత, "విశాఖలో నేనేం చెయ్యాలిరా? బాల్కనీలో కూర్చోవాలి. ఇక్కడైతే ఎవరో ఒకరు ఈ గీత చూడాలి కదా" అన్నారు. పక్క క్వార్టర్లోని కుర్రవాడికి, ఇంటర్మీడియట్ చదువుతున్న తెలుగు పిల్లవాడికి, కొలత వేయడం నేర్పుతున్నానని కూడా చెప్పారు. వాడు రెండు ఆదివారాలు వచ్చాడట, మూడవ ఆదివారం క్రికెట్‌కు పోయాడట. మా వద్ద సిద్ధంగా ఉంచుకున్న వాదనలు, అంటే ఆస్పత్రి దగ్గర, మనుమలు దగ్గర, లిఫ్టు ఉన్నది వంటివి, ఏవీ ఆ ఇసుక మీద నిలబడలేదు. రక్తపోటు మాత్రలు వేళకు వేసుకుంటాననీ, పనిమనిషికి మా బావమరిది ఫోను నెంబరు ఇస్తాననీ, వర్షాలు తగ్గాక ఒక మాసం విశాఖ వచ్చి ఉంటాననీ మాత్రం ఒప్పించగలిగాము. మా బావమరిది దీనిని విజయంగా అంగీకరించలేదని వేరే చెప్పనక్కరలేదు.

చివరి రోజు ఉదయం మళ్ళీ చెలమ తీశారు. మాకు పది గంటలకు సమావేశం. ముప్పావు గంట వేచి చూశాము. అడుగున ఇసుక నల్లబడింది గాని నీరు చేరలేదు. "మీరు వెళ్ళండి, నేను చూసి వస్తాను" అని మమ్మల్ని పంపివేశారు. సాయంత్రం స్టేషనుకు సాగనంపడానికి వచ్చినప్పుడు అడిగాము. గంటంబావుకు దోసెడు నీళ్ళు ఊరాయనీ, తాగి చూశాననీ, తీపి పోలేదనీ చెప్పారు. కాచకుండా తాగినందుకు మేము కోప్పడితే వినిపించుకోలేదు. విశాఖ బండి ప్లాట్‌ఫారం మీదకు వచ్చాక, కిటికీ దగ్గరకు వచ్చి, "ఒరే, ఈసారి వచ్చేటప్పుడు అయిదు మీటర్ల స్టీలు టేపు ఒకటి పట్టుకురా. నా దగ్గరున్నది మూడు మీటర్లదే" అన్నారు.